సొంత ప్రాక్టీసు చేసేవాళ్లు సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్ల ఖర్చును రిటర్నులో ఎలా చూపిస్తున్నారు?

కాకినాడ_ఇంటీరియర్స్
అందరికీ నమస్కారం. కాకినాడలో సొంతంగా ఇంటీరియర్ డిజైనింగ్ చేస్తున్నాను. ఈ ఆర్థిక సంవత్సరం 2025-26లో ఫీజుల రూపంలో దాదాపు 18 లక్షలు వచ్చాయి. ఆటోక్యాడ్, స్కెచ్‌అప్, ఫొటోషాప్, రెండరింగ్ ప్లగిన్, క్లౌడ్ స్టోరేజీ, జూమ్ అన్నీ కలిపి సబ్‌స్క్రిప్షన్లకే ఏడాదికి 1,60,000 దాకా అవుతోంది. ఇవి లేకపోతే నా పని ఒక్క రోజు కూడా నడవదు. రిటర్ను వేసే ఆయనేమో "44ఏడీఏలో వేసేద్దామమ్మా, బిల్లులు అక్కర్లేదు" అంటున్నారు. వచ్చిన ఫీజులో సగాన్నే ఆదాయంగా లెక్కగట్టే పద్ధతట అది. అంత డబ్బు పెట్టి కొన్నదానికి లెక్కలో చోటే లేకపోతే ఎలా అని నా బాధ. ఇంకో సంగతి, ఆటోక్యాడ్ వార్షిక ప్లాన్ మార్చి 28న రెన్యూ అవ్వాలి. మార్చి 31 లోపే కట్టేస్తే ఏమైనా లాభం ఉంటుందా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఓరుగల్లు_కోడర్
క్లెయిమ్ చేసుకోవచ్చు మేడం, అందులో డౌటే లేదు. సెక్షన్ 37(1) ఉన్నది దానికోసమే. ఖర్చు పూర్తిగా వృత్తి కోసమే అయ్యుండాలి, సొంత వాడకానిది కావద్దు, ఆస్తి కొన్నట్టు కావద్దు. నెలకో, ఏడాదికో కట్టే సబ్‌స్క్రిప్షన్‌కు ఈ మూడూ సరిపోతయి. కానీ 44ఏడీఏలో పోతే విడిగా చూపెట్టేది ఉండదు. మీకు ఏది లాభమో లెక్క వేసి చూడాలె.

తిరుపతి_మురళి
కొత్త పన్ను విధానంలో డిడక్షన్లన్నీ తీసేశారు కదండీ. మరి సాఫ్ట్‌వేర్ ఖర్చు ఎలా చూపిస్తారు? పాత విధానంలోకి వెళ్లాల్సిందేనా?

బెజవాడ_సీఏ
మురళి గారూ, చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు. కొత్త విధానంలో పోయినవి 80సీ, హెచ్‌ఆర్‌ఏ లాంటివి. సొంత వృత్తి ఆదాయం లెక్కగట్టేటప్పుడు తీసేసే ఖర్చులు వేరు. ఆఫీసు అద్దె, కరెంటు, సాఫ్ట్‌వేర్, కంప్యూటరు మీద తరుగుదల, ఇవన్నీ పాత విధానంలో ఉన్నట్టే కొత్తదానిలోనూ ఉన్నాయి. ఈ ఖర్చుల కోసం పాత విధానంలోకి మారక్కర్లేదు. పైగా వృత్తి, వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు ఫారం 10-ఐఈఏ ఇచ్చి ఒకసారి పాతదానిలోకి వెళ్లి, మళ్లీ కొత్తదానికి వస్తే, ఆ ఆదాయం ఉన్నన్నాళ్లూ ఇక పాతదానిలోకి వెళ్లే వీలుండదు. అందుకని తొందరపడి మారొద్దు.

కాకినాడ మేడం, మీకు జవాబు చెప్పేముందు ఒక ప్రశ్న. ఆ 18 లక్షలు మీ డిజైన్ ఫీజేనా, లేక ప్లైవుడ్, హార్డ్‌వేర్, కార్పెంటర్ల కూలి కూడా మీ బిల్లులోనే ఉన్నాయా?

కాకినాడ_ఇంటీరియర్స్
ఫీజు మాత్రమే సార్. మెటీరియల్ అంతా ఇంటివాళ్లే కొనుక్కుంటారు, కార్పెంటర్ కూలి కూడా వాళ్లే నేరుగా ఇస్తారు. నా ఇతర ఖర్చులు ఇవి: ఆఫీసు గది అద్దె 1,20,000, సైట్లకు తిరిగే ఖర్చు 70,000, ఫోను ఇంటర్నెట్ 30,000, ప్రింట్లు శాంపిళ్లు వగైరా 40,000. ఈ ఏడాది జూన్‌లో 75,000 పెట్టి ల్యాప్‌టాప్ కొన్నాను.

బెజవాడ_సీఏ
సరే, లెక్క వేద్దాం.

ఇంటీరియర్ డెకరేషన్ చట్టంలో పేరు పెట్టి చెప్పిన వృత్తుల్లో ఒకటి. కాబట్టి 44ఏడీఏ మీకు నిక్షేపంగా వర్తిస్తుంది. వచ్చిన మొత్తంలో సగం, అంటే 9 లక్షలు ఆదాయమని చూపితే చాలు. మిగతా సగంలో మీ ఖర్చులన్నీ కలిసిపోయినట్టే చట్టం లెక్కగడుతుంది. సాఫ్ట్‌వేరూ అందులోదే. మీ డబ్బుకు లెక్కలో చోటు లేకపోవడం కాదిది, మీరు పెట్టినదానికంటే ఎక్కువే తీసేస్తున్నారు.

లెక్కల పుస్తకాలు రాసి అసలు ఖర్చులు చూపితే ఎంతవుతుందో చూడండి. సాఫ్ట్‌వేర్ 1,60,000, అద్దె 1,20,000, తిరుగుడు 70,000, ఫోను నెట్ 30,000, వగైరా 40,000, ల్యాప్‌టాప్ మీద 40 శాతం తరుగుదల 30,000. అన్నీ కలిపితే 4,50,000. ఆదాయం 13,50,000 తేలుతుంది. కొత్త విధానంలో దానిమీద పన్ను 82,500, సెస్సుతో 85,800.

44ఏడీఏలో 9 లక్షలు చూపిస్తే? 2025-26కు కొత్త విధానంలో 12 లక్షల దాకా 87ఏ రిబేటు ఉంది. వేరే ఆదాయం లేకపోతే మీరు కట్టాల్సిన పన్ను సున్నా.

అంటే మీ 1,60,000ను విడిగా చూపించాలన్న పట్టుదలకు మీరు చెల్లించే ధర 85,800 రూపాయలు. మీ రిటర్ను వేసే ఆయన సరిగ్గానే చెప్పారు, కారణం వివరించలేదంతే.

ఇక పుస్తకాల దారి ఎప్పుడు లాభం? మీ అసలు ఖర్చులు రాబడిలో సగం దాటినప్పుడు. అప్పుడు కూడా 50 శాతం కంటే తక్కువ చూపిస్తూ, మొత్తం ఆదాయం పన్ను మినహాయింపు పరిమితి దాటితే పుస్తకాలు రాయాలి, ఆడిట్ చేయించాలి. ఆడిట్ ఫీజునూ ఆ లెక్కలో కలుపుకోండి. ఒక ఏడాది పుస్తకాల దారి పట్టి మరుసటి ఏడాది మళ్లీ 44ఏడీఏకి రావచ్చు. వ్యాపారులకు ఉన్న 44ఏడీలో అలా కుదరదు, ఒకసారి బయటికొస్తే 5 ఏళ్లు ఆగాలి.

మెటీరియల్ గురించి అడిగింది ఎందుకంటే, కొందరు డిజైనర్లు మొత్తం కాంట్రాక్టు తీసుకుని చెక్క, కూలి అన్నీ తమ బిల్లులోనే వేస్తారు. 40 లక్షల బిల్లులో 30 లక్షలు మెటీరియలే అయితే 50 శాతం లాభమని చూపించడం నష్టం. అది ఫీజు తీసుకునే వృత్తిలా కాక కాంట్రాక్టు వ్యాపారంలా నడుస్తోంది కాబట్టి దాని లెక్క మొదటినుంచీ వేరుగా చూసుకోవాలి.

కాకినాడ_ఇంటీరియర్స్
ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు సార్, చాలా థాంక్స్. మరి మార్చి 28 రెన్యువల్?

బెజవాడ_సీఏ
44ఏడీఏలో ఉన్నంతవరకు మార్చిలో కట్టినా ఏప్రిల్‌లో కట్టినా పన్నులో పైసా తేడా రాదు. ఆఫరు ఏదైనా ఉంటే దాన్నిబట్టి కట్టుకోండి. పుస్తకాలు రాసేవాళ్లకు మాత్రం తేడా ఉంటుంది. చెల్లించిన రోజే ఖర్చు రాసే నగదు పద్ధతి పాటిస్తే మార్చి 28న కట్టిన ఏడాది చందా మొత్తం ఈ సంవత్సరంలోకే వస్తుంది. మెర్కంటైల్ పద్ధతిలో మార్చిలో వాడిన ఆ నాలుగు రోజుల వంతే ఈ ఏడాదిది, మిగతాది ముందస్తు చెల్లింపుగా వచ్చే ఏడాదికి పోతుంది. ఏ పద్ధతైనా సరే, ఏటా అదే పాటించాలి. లాభాన్ని చూసుకుని మార్చుకుంటూ పోకూడదు.

తిరుపతి_మురళి
సార్, అసలు లాభం 75 శాతం ఉన్నవాళ్లు కూడా 50 శాతమే చూపించొచ్చా? నాకెప్పుడూ ఇదే సందేహం.

బెజవాడ_సీఏ
సెక్షన్ మాటల ప్రకారం 50 శాతం, లేదా అంతకంటే ఎక్కువ సంపాదించానని మీరే చెబితే ఆ ఎక్కువ మొత్తం. 50 శాతం చూపించడం చట్టబద్ధమే, చాలామంది చేస్తున్నదీ అదే. నేను పట్టుబట్టేది ఒక్కచోట. హౌసింగ్ లోన్ కోసం బ్యాంకుకు 14 లక్షల లాభం వచ్చిందని సంతకం పెట్టిన లెక్కలిచ్చి, రిటర్నులో 9 లక్షలు చూపించొద్దు. రెండు చోట్లా ఒకే మాట ఉండాలి. అలా ఉండదంటే ఆ రిటర్ను నేను వేయను.

నెల్లూరు_వీడియోస్
అన్నా, నాదీ అలాంటి సమస్యే. పెళ్లి వీడియోలు, యూట్యూబ్ చానళ్లకు ఎడిటింగ్ చేస్తాను. ఏడాదికి 19 లక్షలు వస్తాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, మ్యూజిక్ లైసెన్సు చందా, టెంప్లేట్లు, హార్డ్ డిస్కులు, కెమెరా అద్దె, ఇద్దరు కుర్రాళ్ల జీతం కలిపి 8 లక్షలు ఖర్చు. నేనూ 44ఏడీఏ వేసుకోవచ్చా? ఎడిటర్ కూడా లిస్టులో ఉన్నాడని ఒకరన్నారు.

బెజవాడ_సీఏ
ఎడిటర్ ఉన్నమాట నిజమే, కానీ అది సినిమా నిర్మాణంలో పనిచేసే కళాకారుల జాబితాలో. నటులు, కెమెరామన్, దర్శకుడు, సంగీత దర్శకుడు, ఎడిటర్, గాయకుడు, పాటల రచయిత, కథా రచయిత, దుస్తుల డిజైనర్ వగైరా. చలనచిత్ర నిర్మాణంలో పాల్గొంటేనే ఆ పేరు వర్తిస్తుంది. పెళ్లి వీడియోను దానికింద చూపించడాన్ని నేను ఒప్పుకోను. గ్రాఫిక్ డిజైనర్లు, కంటెంట్ రాసేవాళ్లు కూడా ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. చట్టంలో చెప్పిన వృత్తులు న్యాయ, వైద్య, ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్, అకౌంటెన్సీ, టెక్నికల్ కన్సల్టెన్సీ, ఇంటీరియర్ డెకరేషన్. వీటికి తర్వాత నోటిఫికేషన్లతో కలిసినవి సినిమా కళాకారులు, కంపెనీ సెక్రటరీలు, ఐటీ వృత్తి లాంటివి. ఫ్రీలాన్సు చేసే ప్రతివాళ్లూ ఇందులోకి రారు.

మీకు నా సలహా, పుస్తకాలు రాయండి, ఐటీఆర్-3 వేయండి. మీ స్థాయికి, ఇంతకుముందు 44ఏడీ వాడి ఉండకపోతే, ఆడిట్ అవసరం పడదు. 19 లక్షల్లో 8 తీస్తే 11 లక్షలు, కొత్త విధానంలో పన్ను సున్నా. కానీ ఆ 8 లక్షలకూ రుజువులుండాలి. 2 లక్షల బిల్లులు దొరక్కపోతే ఆదాయం 13 లక్షలై పన్ను మొదలవుతుంది. కాకినాడ మేడం బిల్లు పోగొట్టుకున్నా ఆదాయపు పన్నులో తేడా రాదు, మీకు మాత్రం ప్రతి బిల్లూ డబ్బే.

కెమెరా అద్దె గానీ మరేదైనా గానీ ఒకరికి ఒకే రోజు 10,000కు మించి నగదుగా ఇస్తే ఆ ఖర్చు చెల్లదు. యూపీఐలోనో బ్యాంకు ద్వారానో ఇవ్వండి.

నెల్లూరు_వీడియోస్
కార్డు మా ఆవిడది అన్నా, సాఫ్ట్‌వేర్లన్నీ దానిమీదే కడుతున్నాం. పర్లేదా?

బెజవాడ_సీఏ
బిల్లు మీ పేరు మీద, మీ వ్యాపారం ఈమెయిల్‌కు రావాలి. ఆ డబ్బు మీ ఖాతానుంచి ఆమె ఖాతాకు బదిలీ చేసి పుస్తకంలో రాయండి. వచ్చే నెలనుంచి మీ కార్డు పెట్టేస్తే ఈ తిప్పలుండవు.

ఓరుగల్లు_కోడర్
సీఏ గారు ఇన్‌కం ట్యాక్స్ గురించి చెప్పిన్రు. నేను జీఎస్టీ గురించి చెప్తా. మా దోస్తులల్ల సగం మంది "44ఏడీఏలో ఉన్నం, ఇంక సాఫ్ట్‌వేర్ మీద ఏమీ రాదు" అనుకొని ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని వెనక్కి లెక్కేసుకునేది, వదిలేస్తున్నరు. అది తప్పు. ఈ రెండు చట్టాలకు సంబంధం లేదు. ఇన్‌కం ట్యాక్స్ సగం లెక్క మీద కట్టినా, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నోళ్లు సబ్‌స్క్రిప్షన్ల మీద కట్టిన 18 శాతం క్రెడిట్ తీసుకోవచ్చు.

నా సంగతి చెప్తా. అమెరికా, జర్మనీ కంపెనీలకు యాప్‌లు చేస్త. జీఎస్టీ ఉన్నది, ఎల్‌యూటీ (ఎగుమతిదారు ఇచ్చే హామీ పత్రం) పెట్టి ట్యాక్స్ లేకుండా ఎగుమతి బిల్లు వేస్త. క్లౌడ్ సర్వర్లు, కోడ్ హోస్టింగ్, ఏఐ టూల్స్ కలిపి నెలకు 30,000 దాకా పోతది. ఎక్కువ భాగం విదేశీ కంపెనీలే.

విదేశీ కంపెనీ అకౌంటులో మన జీఎస్టీ నంబరు ఇయ్యకపోతే వాళ్లు మనల్ని మామూలు వినియోగదారు అనుకొని 18 శాతం ఐజీఎస్టీ వేసి బిల్లు ఇస్తరు. ఆ పన్ను మనకు తిరిగి రాదు. బిల్లింగ్ సెట్టింగ్స్‌లో జీఎస్టీ నంబరు పెడితే వాళ్లు పన్ను వెయ్యరు, రివర్స్ ఛార్జి కింద మనమే కట్టాలె. జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-3బీలో 3.1(డీ)ల చూపెట్టి క్యాష్ లెడ్జర్ నుంచి కట్టాలె, క్రెడిట్ లెడ్జర్ నుంచి కట్టనియ్యదు. అదే రిటర్నుల 4(ఏ)(2)ల సేవల దిగుమతి కింద ఆ మొత్తం క్రెడిట్ తీసుకోవచ్చు. దీనికోసం మనమే సెల్ఫ్ ఇన్‌వాయిస్ రాసి పెట్టుకోవాలె.

30,000 మీద నెలకు 5,400. సంవత్సరానికి 64,800. లోకల్ క్లయింట్లు ఉన్నోళ్లు తమ అవుట్‌పుట్ పన్నుల నుంచి దీన్ని తీసేసుకుంటరు. నాలెక్క అంతా ఎగుమతే అయినోళ్లకు క్రెడిట్ జమైతది కాబట్టి ఆర్‌ఎఫ్‌డీ-01 ఫారంల రీఫండ్ అడగాలె, 2 ఏళ్ల లోపల. డాలర్లు వచ్చినట్టు బ్యాంకు కాగితం ప్రతి పేమెంటుకూ దాచి పెట్టుకోండ్రి, రీఫండ్ ఆఫీసుల మొదలు అడిగేది అదే. ఎల్‌యూటీ ఏ సంవత్సరానికి ఆ సంవత్సరమే, ఏప్రిల్ రాకముందే కొత్తది వేసుకోవాలె.

కాకినాడ_ఇంటీరియర్స్
అన్నయ్యా, నాకు జీఎస్టీ లేదు. నా బిల్లులన్నిటిలో 18 శాతం కనిపిస్తోంది. రిజిస్ట్రేషన్ తీసుకుంటే అది వెనక్కి వస్తుందా?

ఓరుగల్లు_కోడర్
మీ క్లయింట్లు ఎవరన్నదాని మీద ఉంటది చెల్లెమ్మా. ఇండ్లోళ్లైతే మీరు వేసే 18 శాతం వాళ్లకు ఖర్చే, క్రెడిట్ తీసుకోలేరు. 18 లక్షల ఫీజు మీద 3,24,000 వాళ్ల దగ్గర ఎక్కువ వసూలు చెయ్యాలె. మీకు మిగిలేది సాఫ్ట్‌వేర్, అద్దె లాంటి వాటిమీద క్రెడిట్, అది పాతిక ముప్పై వేలు. బిల్డర్లకు, కంపెనీలకు చేస్తే వేరే ముచ్చట, వాళ్లు క్రెడిట్ తీసుకుంటరు కాబట్టి అభ్యంతరం చెప్పరు. 20 లక్షలు దాటితే ఎట్లాగూ తప్పదు, మీరు దగ్గరికి వచ్చిన్రు, నెలనెలా మొత్తం చూసుకోండ్రి.

బెజవాడ_సీఏ
కోడర్ గారు చెప్పింది సరిగ్గా ఉంది. రెండు చేర్పులు. క్రెడిట్ తీసుకున్న జీఎస్టీని మళ్లీ ఖర్చులో కలపకూడదు, పుస్తకాలు రాసేవాళ్లు పన్ను తీసేసిన ధరే ఖర్చుగా రాయాలి. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు పన్నుతో సహా మొత్తం ఖర్చు రాసుకోవచ్చు. ఒక ఏడాది బిల్లుల క్రెడిట్ తీసుకోవడానికి మరుసటి నవంబరు 30 గడువు, ఆ లోపు వార్షిక రిటర్ను వేసేస్తే అప్పటితోనే సరి.

విదేశీ సాఫ్ట్‌వేర్‌కు కట్టేటప్పుడు టీడీఎస్ పట్టుకోవాలా అని కొందరు అడుగుతుంటారు. విదేశాలవాళ్లకిచ్చే డబ్బుమీద టీడీఎస్ గురించి చెప్పే సెక్షన్ 195కు చిన్నవాళ్లకంటూ మినహాయింపు పరిమితి లేదు, అందుకే ఆ భయం. అయితే ఇంజినీరింగ్ అనాలిసిస్ సెంటర్ కేసులో సుప్రీంకోర్టు 2021 మార్చి 2న, మార్పులు లేకుండా వాడుకోవడానికి కొన్న సాఫ్ట్‌వేర్‌కు విదేశీ కంపెనీకిచ్చే డబ్బు పన్ను ఒప్పందాల ప్రకారం రాయల్టీ కాదని, దానిమీద టీడీఎస్ పట్టక్కర్లేదని తేల్చింది. కార్డు మీద నెలకు 20 డాలర్లు కట్టే డిజైనరు దీని గురించి నిద్ర మానుకోనక్కర్లేదు. పెద్ద మొత్తాలు పంపేవాళ్లు, మీకోసం ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్ రాయించుకునేవాళ్లు మాత్రం ముందే అడగండి.

కరీంనగర్_అకౌంట్స్
నమస్తే. నేను చిన్న షాపులకు అకౌంట్లు రాస్తాను. ట్యాలీ (అకౌంట్లు రాసే సాఫ్ట్‌వేర్) లైసెన్స్ కొన్నది తరుగుదలలో వెయ్యాలా, ఖర్చులో వెయ్యాలా? దాని అప్‌డేట్ల కోసం ప్రతి సంవత్సరం కట్టే టీఎస్ఎస్ రెన్యువల్ సంగతేంది?

బెజవాడ_సీఏ
శాశ్వత లైసెన్సును ఆస్తిగా చూపించి 40 శాతం తరుగుదల తీసుకోండి. ఏడాదిలో 180 రోజుల కంటే తక్కువ వాడితే సగం, అంటే 20 శాతం. టీఎస్ఎస్ రెన్యువల్ ఏటా వచ్చే నిర్వహణ ఖర్చు, మొత్తం ఆ ఏడాదే రాయొచ్చు.

సాఫ్ట్‌వేర్ ఆస్తా, ఖర్చా అన్న గొడవ డిస్కుల్లో కొనుక్కునే కాలంనుంచీ ఉంది. 2008లో ఢిల్లీ ట్రైబ్యునల్ ప్రత్యేక ధర్మాసనం ఆమ్వే కేసులో, ఆ సాఫ్ట్‌వేర్ వ్యాపారంలో ఏం పని చేస్తోంది, దాని ప్రయోజనం ఎన్నాళ్లుంటుంది అన్నది చూడాలని చెప్పింది. ఆటోక్యాడ్ లాంటివి శాశ్వత లైసెన్సులు ఆపేసి చందాలకు మారాక ఈ వాదన చాలావరకు తగ్గింది. చందా ఆపిన రోజు మీ చేతిలో ఏమీ మిగలదు కాబట్టి ఆస్తి అన్న మాటే రాదు.

డల్లాస్_తెలుగు
ఇక్కడి సంగతి కూడా చెబుతాను, అమెరికాలో ఉన్నవాళ్లకు పనికొస్తుంది. మా ఆవిడ హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ల జీవిత భాగస్వామికి ఇచ్చే పని అనుమతి) మీద సొంతంగా వెబ్ డిజైన్ చేస్తుంది. ఇక్కడ 50 శాతం లాంటి వెసులుబాటు లేదు. సొంత పని ఆదాయం చూపే షెడ్యూల్ సీ ఫారంలో ప్రతి ఖర్చూ చూపించాల్సిందే, కాబట్టి సబ్‌స్క్రిప్షన్ బిల్లు ఒక్కటి కూడా వదలకూడదు. ఆ ఖర్చు రెండు చోట్ల కలిసొస్తుంది. ఆదాయపు పన్ను తగ్గుతుంది, నికర లాభంలో 92.35 శాతం మీద పడే 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్నూ తగ్గుతుంది. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు గానీ ఉన్న రాష్ట్రాల్లో అక్కడా తగ్గుతుంది. ఇల్లంతా వాడే స్టోరేజీ ప్లాన్ లాంటివి ఆఫీసు పనికి వాడిన వంతు మేరకే వేస్తాం. హెచ్1బీ మీద ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ ఖర్చుల లెక్కలు చూసి సొంత ఫ్రీలాన్సింగ్ మొదలుపెట్టకండి. మీ వీసా స్పాన్సరు చేసిన యజమాని దగ్గర తప్ప పని చేయడానికి అనుమతి ఉండదు. వీసా పోతే ఏ డిడక్షనూ దాన్ని తిరిగి తేలేదు.

విశాఖ_టెక్కీ
నేను కంపెనీలో ఉద్యోగిని. రాత్రిపూట, యాజమాన్యం అనుమతితోనే, వేరేవాళ్లకు టెక్నికల్ కన్సల్టింగ్ చేస్తాను, దాని మీద 6 లక్షలు వస్తాయి. ల్యాప్‌టాప్‌లో నా డబ్బుతో పెట్టుకున్న సాఫ్ట్‌వేర్‌ను జీతం ఆదాయం నుంచి తీసేయొచ్చా?

బెజవాడ_సీఏ
జీతం నుంచి కుదరదు. జీతానికి స్టాండర్డ్ డిడక్షన్ తప్ప ఇలాంటి ఖర్చులు లేవు. ఆ 6 లక్షల కన్సల్టింగ్‌ను 44ఏడీఏ కింద 3 లక్షలుగా చూపించండి, రెండూ కలిపి ఐటీఆర్-4లో వేయొచ్చు, మొత్తం ఆదాయం 50 లక్షలు దాటకపోతే, ఆ ఫారానికి కుదరని వేరే ఆదాయాలు లేకపోతే. జీతంతో కలిసి పన్ను పడేలా ఉంటే మార్చి 15 లోపు అడ్వాన్స్ ట్యాక్స్ ఒకేసారి కట్టాలి. 44ఏడీఏ వాళ్లకు నాలుగు వాయిదాలు లేవు.

కాకినాడ_ఇంటీరియర్స్
అందరికీ కృతజ్ఞతలు. రేపే రిటర్ను వేసే ఆయనకు 44ఏడీఏ వేయమని చెబుతాను. ఒక్క చివరి ప్రశ్న. ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వస్తోందంటున్నారు, ఇదంతా మారిపోతుందా? బిల్లులు పారేయొచ్చా?

బెజవాడ_సీఏ
2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వస్తుంది. 2025-26 ఆదాయానికి రిటర్ను మాత్రం 1961 చట్టం ప్రకారమే. కొత్త చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి, అసెస్‌మెంట్ సంవత్సరం అన్న మాట పోయి పన్ను సంవత్సరం అన్నది వచ్చింది, కానీ సగం ఆదాయంగా చూపే ఈ పద్ధతి కొనసాగుతోంది.

బిల్లులు పారేయొద్దమ్మా. మీరు 20 లక్షలు దాటి జీఎస్టీ తీసుకున్న రోజునుంచి ప్రతి బిల్లూ కావాలి. ఏదో ఒక ఏడాది ఖర్చులు సగం దాటితే పుస్తకాలకు కావాలి, పుస్తకాలు రాసినవాళ్లు అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక 6 ఏళ్లు దాచాలి. కార్డు స్టేట్‌మెంట్ ఒక్కటీ చాలదు, ఇన్‌వాయిస్ పీడీఎఫ్ కావాలి. డాలరు బిల్లులకు రెండూ జత చేసి పెట్టుకోండి, ఎందుకంటే బ్యాంకు వేసే ఫారెక్స్ మార్కప్పు, దానిమీద జీఎస్టీ స్టేట్‌మెంటులోనే కనిపిస్తాయి, అవీ ఖర్చులే. చందా ఆపేసిన తర్వాత కొన్ని అకౌంట్లలోకి మళ్లీ వెళ్లడం కుదరదు, కాబట్టి నెలనెలా దించుకోండి. మీ పేరు, ఆఫీసు చిరునామా బిల్లింగ్ సెట్టింగ్స్‌లో ఉన్నాయో లేదో మార్చి 28 రెన్యువల్‌కు ముందే చూసుకోండి. బిల్లు వచ్చాక మార్పించడం చాలా కష్టం.

కాకినాడ_ఇంటీరియర్స్
ఇప్పుడే చూశాను సార్, స్కెచ్‌అప్‌ది నా పాత కాలేజీ ఈమెయిల్ మీద ఉంది. మార్చేస్తున్నాను.